రెండు వందల పడవలు, ఒక ఫాంటు

ఫాంటు అమ్మి విపత్తు సహాయానికి డబ్బు పోగుచేయాలన్న ఆలోచన మాది కాదు. అమెరికాలో ‘సొసైటీ ఆఫ్ టైపోగ్రాఫిక్ అఫిషియనాడోస్’ అనే లాభాపేక్ష లేని సంస్థ ఒకటుంది. ‘ఫాంట్ ఎయిడ్’ పేరుతో వాళ్లు ఈ దారిలో ముందే నడిచారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత వాళ్లు ‘ఫ్లూరాన్స్ ఆఫ్ హోప్’ అన్న ఫాంటు తలపెట్టారు. అందులో అక్షరాలుండవు, అన్నీ పూల గుర్తులే. పాతకాలపు అచ్చుపుస్తకాల్లో పేజీ అంచున, అధ్యాయం చివర కనిపించే సీసపు అలంకారాల వంటివి. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చాక ‘కమింగ్ టుగెదర్’ తెచ్చారు. అందులో ఏ మీట నొక్కినా ‘అండ్’ గుర్తే (&), ఒక్కోటి ఒక్కో చేతి గీత. 37 దేశాల నుంచి దాదాపు 400 మంది గీసి పంపారు. అమ్మగా వచ్చింది ‘డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్’ అనే వైద్య సహాయ సంస్థకు ఇచ్చారు. మరుసటి ఏడాది మార్చిలో జపాన్‌ను భూకంపం, సునామీ కలిసి కుదిపేసినప్పుడు ‘మేడ్ ఫర్ జపాన్’ వచ్చింది.

మేం నడిచిందీ ఆ దారిలోనే. ఉత్తరాల ద్వారా, సదస్సుల ద్వారా ఒకరికొకరు తెలిసిన డిజైనర్లం కొంతమందిమి. ఒక పెద్ద వరద వచ్చింది. ఏ వరద, ఏ సంస్థ అన్నది ఇక్కడ అంత అవసరం కాదు. ఈ పని ఎవరు ఎక్కడ తలపెట్టినా ఇంచుమించు ఇవే మలుపులు ఎదురవుతాయి. ఎవరికి తోచింది వాళ్లు విడిగా పంపడం అప్పటికే అయింది. చేతిలో ఉన్న విద్యతో ఇంకేమైనా చేయగలమా అన్న మాట దగ్గర ఇది మొదలైంది. పనులు పంచుకున్నప్పుడు నా వంతుకు కూర్పు వచ్చింది. అందరూ గీసి పంపినవాటిని శుభ్రం చేసి ఒక్క ఫాంటుగా కట్టడమన్నమాట. ఎవరూ చేయెత్తని పని అదొక్కటే మిగిలింది లెండి.

మొదటి వాదన ఏం గీయాలన్నదాని మీద. పూర్తి అక్షరమాల చేద్దాం, తలా ఒక అక్షరం గీద్దాం అన్నారు కొందరు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. నేను గట్టిగా అడ్డుపడ్డాను. ఒక అక్షరంలో నిలువు గీత ఎంత మందమో పక్క అక్షరంలోనూ అంతే ఉండాలి. వంపు ఒకచోట సన్నబడితే మిగతావాటిలోనూ అక్కడే సన్నబడాలి. అక్షరం లోపలి ఖాళీకీ, అక్షరాల మధ్య ఖాళీకీ లెక్క కుదరాలి. ఒక్క మనిషి కూర్చుని గీసినా ఈ పొత్తు కుదరడానికి నెలలు పడుతుంది. ముఖపరిచయం కూడా లేని వందమంది హడావిడిగా గీస్తే వచ్చేది చదవడానికీ పనికిరాదు, చూడటానికీ బాగుండదు. పైగా అక్షరమాలలో చోట్లు ఎన్నని? యాభై మంది దాటాక వచ్చినవాళ్లకు ఏమని చెప్తాం?

ఒకే వస్తువును ఎంతమంది గీసినా ఈ చిక్కులేవీ లేవు. ఒకరి గీత మరొకరి గీతకు జవాబు చెప్పుకోనక్కర్లేదు. పాతికమంది వచ్చినా ఫాంటే, నాలుగు వందల మంది వచ్చినా ఫాంటే. పూల గుర్తులు, అండ్ గుర్తులు ఎంచుకోవడంలోని కిటుకు ఇదేనని నా నమ్మకం. వాటిలో భావం ఉంది, కాదనను. అయితే పని సాగడానికి ఆధారం భావం కాదు, ఈ విడివిడితనమే.

ఏ వస్తువు అన్న దగ్గర చాలా పేర్లు వచ్చాయి. చేతులు అన్నారు. సహాయ సంస్థల చిహ్నాల్లో చేతులు ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయి, పైగా చేయి గీయడం మంచి చేయితిరిగినవాళ్లకే కష్టం. గొడుగు అన్నారు. ఇళ్లు మునిగినవాళ్ల పేరు చెప్పి గొడుగులు గీస్తే వెటకారంలా ఉంటుందని ఒకావిడ అన్నారు, ఆ మాటతో అది పోయింది. పడవ అని ముందు ఎవరన్నారో ఇప్పుడు చెప్పలేను, అన్నాక మాత్రం ఇంకో పేరు రాలేదు.

పిలుపులో నియమాలు కొన్నే పెట్టాం. మనిషికి ఒక పడవ. నలుపు ఒక్కటే రంగు. సొంతంగా గీసిందే కావాలి. మునిగిపోతున్న పడవ వద్దు. గడువు చాలా దగ్గరగా పెట్టాం, ఇంకాస్త సమయమిస్తే ఇంకా మంచివి వస్తాయని కొందరు నసిగారు. వస్తాయి, నిజమే. కానీ వరద వార్త మొదటి పేజీ నుంచి లోపలి పేజీలోకి, అక్కడి నుంచి బయటికి పోవడానికి ఎంతో కాలం పట్టదు. అప్పుడు ఎంత అందమైన ఫాంటు తెచ్చినా కొనేవాళ్లు ఉండరు.

ఇంకో నియమం కూడా పెట్టాం. నన్నడిగితే మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది అదే. ఫాంటులో ప్రతి అక్షరం ఒక కనిపించని గీత మీద కూర్చుంటుంది, దాన్ని ఆధార రేఖ అంటాం. మేం వాడిన చట్రం ఎత్తు 1000 యూనిట్లు, పోస్ట్‌స్క్రిప్ట్ అనే తరహా ఫాంట్లకు ఇది మామూలే. అందులో ఆధార రేఖ సున్నా దగ్గర ఉంటుంది. ఆ సున్నానే నీటిమట్టం అనుకోమన్నాం. పడవ పొట్ట ఎంత మునగాలో అంత సున్నాకు కింద, అంచూ తెరచాపా పైన. కిందికి 200 దాటకూడదు, పైకి 800 దాటకూడదు. ఈ ఒక్క లెక్కతో ఎవరెవరో గీసిన పడవలను వరసగా టైపు చేస్తే అన్నీ ఒకే నీటి మీద నిలబడ్డాయి. బరువెక్కిన సరుకు పడవ లోతుగా, ఖాళీ పుట్టి తేలిగ్గా. గీత మందాలు కలవకపోయినా, శైలులు కలవకపోయినా, కంటికి అది ఒక వరసగానే కనిపించేది. నియమం చదవకుండా పడవ అడుగును సున్నా మీద పెట్టి పంపినవాళ్లు చాలామంది. అలా వదిలేస్తే అవి ఒడ్డెక్కినట్టు ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా నీళ్లలోకి దించడమూ నా పనిలో భాగమే. ఎంత లోతుకు దించాలో గీసినవాళ్లను అడిగేవాడిని. “మీ ఇష్టం” అన్నవాళ్లే ఎక్కువ. ఒకాయన మాత్రం తన పడవలో మోస్తున్నది ఏమిటో, ఎంత బరువో వివరంగా రాసి, 140 యూనిట్లు దించమన్నాడు. దించాను.

పిలుపు ఇచ్చిందే తడవుగా ఫైళ్లు రావడం మొదలైంది. మొదటి రోజుల్లో సగం కాగితం పడవలే. చిన్నప్పుడు అందరూ మడిచినవాళ్లే కదా, చేయి అటే పోతుంది. బాగున్నవి ఏరుకుందామని మాలో కొందరికి అనిపించింది. నాకు అది నచ్చలేదు. సాయం చేస్తానని వచ్చినవాళ్లను నీ పడవ బాగాలేదని వెనక్కి పంపే హక్కు మాకు ఎవరిచ్చారు? ఫాంటులో పనిచేసే ప్రతి పడవనూ తీసుకుందామనే తేల్చుకున్నాం. కాగితం పడవలు అన్నీ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూస్తే మడత మడతకూ తేడా తెలుస్తుంది.

అసలు తంటా ‘పనిచేసే’ అన్న మాట దగ్గర వచ్చింది. పంపినవాళ్లలో అక్షరాలు గీసేవాళ్లు కొందరే. పోస్టర్లు చేసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, విద్యార్థులు ఎక్కువ. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో చక్కగా కనిపించే పడవ ఫాంటులోకి రాగానే మాయమైపోతుంది. కారణం ఏమిటంటే, మామూలు ఫాంటుకు తెలిసింది ఒక్కటే: మూసిన రూపురేఖ, దాని లోపల నలుపు. ‘ఇక్కడి నుంచి అక్కడికి ఇంత మందం గల గీత’ అన్న భావన దానికి లేదు. గీతనంతా రూపురేఖగా మార్చి పంపాలి. అలాగే అందులో తెలుపు అనే రంగు లేదు. నల్లటి పడవ మీద తెల్లటి కిటికీ అతికించి పంపితే అక్కడ కనిపించేది ఇంకో నల్లటి చతురస్రమే. కిటికీ కావాలంటే నలుపులో రంధ్రం కోయాలి.

ఒక పడవ గురించి కాస్త వివరంగా చెప్తాను. పక్కపక్కన పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కొట్టిన చెక్క పడవ అది. అంచు కింద గుండ్రటి కిటికీలు మూడు. గీసినావిడ సిరాతో కాగితం మీద వేసి, స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్ చేత రూపురేఖలు తీయించి పంపారు. తెరిస్తే కాగితం గరుకుతనం కూడా రూపురేఖలో చేరింది. ఒక పలక అంచు పొడవునా ఇసుక చల్లినట్టు బిందువులు. వంపును చెప్పడానికి కావలసిన బిందువులు నిజానికి చాలా తక్కువ. వంపు ఎక్కడ బాగా పైకి పోతుందో, ఎక్కడ బాగా కిందికి దిగుతుందో, కుడి ఎడమల కొసలు ఎక్కడో, అక్కడ తలా ఒకటి పెట్టి, వాటి హ్యాండిళ్లు, అంటే వంపును సాగదీసే పిడులు, సమంగా లాగితే చాలు. ఆ పలకనంతా నాలుగు బిందువులతో మళ్లీ గీశాను. అంతా అయ్యాక టైపు చేసి చూస్తే కిటికీలు లేవు! రంధ్రాలు కోసే ఉన్నాయి, కనిపించడం లేదు. రూపురేఖకు దిశ కూడా ఉంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్ తరహాలో బయటి రేఖ గడియారం ముల్లుకు ఎదురుగా, లోపలి రేఖ ముల్లు వెంట తిరగాలి. ట్రూటైప్ అనే మరో తరహాలో సరిగ్గా దీనికి తిరగేసి. రెండూ ఒకే వైపు తిరిగితే రంధ్రం పూడిపోతుంది. కిటికీల దిశ మార్చగానే వెలుతురు వచ్చింది. నమూనా పంపితే ఆవిడ దగ్గర్నుంచి వచ్చిన జవాబు: “పలకలు నునుపెక్కాయి. నా పడవ పాతది.” సరే అని, అంచుల్లో రెండు మూడు చోట్ల చేత్తో గండ్లు పెట్టి మళ్లీ పంపాను. ఈసారి ఒప్పుకున్నారు. శుభ్రం చేయడం అంటే ఎంతవరకు అన్నది ఆ పడవ దగ్గర నాకు ఒక కొలత దొరికింది. యంత్రం వేసిన మచ్చ తీసేయాలి, చేయి వేసిన మచ్చ ఉంచాలి.

తర్వాత మీటల పంపకం. మామూలు ఇంగ్లీషు కీబోర్డు మీద షిఫ్టుతో కలిపి టైపు చేయగల గుర్తులు 94, ఖాళీ మీట కాక. మా దగ్గరున్నవి రెండు వందల పైచిలుకు పడవలు. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో ఎవరి సొంత అవసరాలకు వాళ్లు వాడుకోమని వదిలిన ప్రాంతం ఒకటుంది, ఈ000 నుంచి ఎఫ్8ఎఫ్ఎఫ్ దాకా, 6,400 స్థానాలు. పడవలన్నీ అక్కడ పెడితే శాస్త్రం ప్రకారం సరిపోతుంది. ‘ఎ’ అన్న అక్షరం స్థానంలో పడవను కూర్చోబెడితే, దాన్ని వేరేచోట అతికించగానే మళ్లీ ‘ఎ’ అయిపోతుంది, అది అబద్ధమే కదా అని వాదించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట సరైనదే. కానీ సాయం చేద్దామని కొన్న మనిషి ఫాంటు పెట్టుకుని మీట నొక్కితే ఏమీ రాకపోతే ఎలా? అందుకని మూడు ఫాంట్లుగా విడగొట్టి, ప్రతి పడవకూ ఒక మీట ఇచ్చాం. ఏ పడవకు ఏ మీట అన్నది వచ్చిన వరసలోనే. యూనికోడ్‌లో తెరచాప పడవకు 26ఎఫ్5 అన్న స్థానం ముందే ఉంది. అందులో ఎవరి పడవ ఉండాలో చీటీ తీశాం.

ఖాళీ మీట మీద నీళ్లు పెడదామని ఒకరు సరదా పడ్డారు. కుదరదు. పంక్తి ఎక్కడ విరగాలో ఖాళీని బట్టే తెలుస్తుంది, అది ఖాళీగానే ఉండాలి. బదులుగా అండర్‌స్కోర్ మీట మీద ఒక అల గీశాను, రెండు పక్కలా ఖాళీ లేకుండా. ఎన్నిసార్లు నొక్కితే అంత పొడవున నీళ్లు. ఫాంటు మొత్తంలో నేను గీసింది ఆ అల ఒక్కటే.

అనుమతుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. పడవ మీద హక్కు గీసినవాళ్లదే. ఈ ఫాంటులో చేర్చి, ఈ పని కోసం అమ్మడానికి మాత్రం ఒప్పుకుంటున్నాం అని ఒక ఫారం మీద సంతకం తీసుకున్నాం. ఒక పడవ ఎక్కడో చూసినట్టుందని వెతికితే, ఒక వ్యాపార చిహ్నాన్ని అచ్చుగుద్దినట్టు దించిందని తేలింది. పంపినతనికి మర్యాదగా రాశాం. అతను కోప్పడకుండా కొత్తది గీసి పంపాడు, అది మొదటిదానికన్నా బాగుంది.

ఇక డబ్బు. మా చేతి మీదుగా ఒక్క పైసా నడవకూడదని ముందే అనుకున్నాం. లెక్కలు రాయడం బద్ధకమై కాదు. సాయం పేరుతో డబ్బు తీసుకున్న క్షణం నుంచి ప్రతి ప్రశ్నకూ జవాబు సిద్ధంగా ఉండాలి, పన్ను రసీదు ఎవరిస్తారన్నదానితో మొదలుపెట్టి. మామూలుగా ఫాంట్లు అమ్మే సంస్థలు తమ వాటా మినహాయించుకుని, మిగిలింది నెలకో మూడు నెలలకో డిజైనర్‌కు ఇస్తాయి. వాటా వదులుకోవడానికి ఒప్పుకునేవాళ్లు ఉంటారు, అడగాలి. అయినా కార్డు చెల్లింపుల రుసుము ఎవరో ఒకరు భరించక తప్పదు. అదీకాక మూడు నెలల తర్వాత అందే డబ్బు మందులకూ గుడారాలకూ అక్కరకు రాదు, మళ్లీ ఇళ్లు కట్టుకునే దశకు పనికొస్తుంది. రెండూ కావలసినవే, ఏది ఏ సంస్థ చేస్తుందో కనుక్కుని ఎంచుకోవాలి. మేం చివరికి పెట్టుకున్న పద్ధతి ఇది: కొనేవాళ్లు నేరుగా సహాయ సంస్థకే చందా కట్టాలి, రసీదు చూపితే ఫాంటు పంపుతాం. రసీదులో పేరూ మొత్తమూ తప్ప మిగతావి చెరిపి పంపమనేవాళ్లం. ఇందులో చాకిరీ ఎక్కువ. మాలో ఇద్దరు రోజూ రసీదులు చూడటానికే కూర్చునేవారు.

సహాయ సంస్థ పేరు వాడుకోవడానికి వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి, చిహ్నానికి ఇంకా కచ్చితంగా. ఆ ఉత్తరం కోసమే విడుదల ఆగింది, ఫాంటు అప్పటికే సిద్ధం. అనుమతితో పాటు ఒక సలహా కూడా పంపారు. ‘ఈ వరదకే’ అని కట్టడి చేయకండి, ‘అత్యవసర సహాయానికి’ అని రాయండి అన్నారు. మావాళ్లలో కొందరికి అది మింగుడుపడలేదు. పడవలు గీసింది ఈ వరద కోసం కదా అన్నారు. వాళ్లకు నేను 2004 సునామీ నాటి సంగతి గుర్తుచేశాను. విపత్తు జరిగిన కొద్ది రోజులకే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ, అక్కడ తాము చేయగల పనికి సరిపడా నిధులు అందాయని, ఇకపై ఆ పేరుతో కాకుండా సాధారణ అత్యవసర నిధికి ఇవ్వమని దాతలకు చెప్పింది. ఒక విపత్తు పేరు మీద ఇచ్చింది దాత ఒప్పుకోకుండా మరో విపత్తుకు వాడటానికి వీల్లేదు కాబట్టి, కెమెరాలు లేనిచోట జబ్బుపడ్డవాళ్లకు అది అందదు. ఆ ఉదాహరణతో మాట కుదిరింది.

విడుదలయ్యాక చందాలు వచ్చిన తీరు ఊహించినట్టే ఉంది. మొదటి రోజుల్లో వచ్చిందే వచ్చింది, తర్వాత అడపాదడపా. గమనిస్తే కొన్నవాళ్లలో చాలామంది ఏదో ఒక పడవ గీసినవాళ్ల స్నేహితులు, సహోద్యోగులు, విద్యార్థులు. తమ పడవ ఏ మీట మీద ఉందో చెప్పుకోవడానికి ప్రతి ఒక్కరూ పది మందికి కబురు చేశారు. అందర్నీ చేర్చుకోవడం వల్ల ఫాంటు పలచబడిందని విమర్శించినవాళ్లకు నా జవాబు ఇదే. మేం ఏరి ముప్పై పడవలతో తెచ్చి ఉంటే ఫాంటు ఇంకా అందంగా ఉండేదేమో, చందా కట్టేవాళ్లు మాత్రం ఆరోవంతు కూడా ఉండేవాళ్లు కారు.

పడవల ఫాంటు ఎవరికి కావాలి, నేరుగా చందా అడగొచ్చు కదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. అడగొచ్చు, అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఇచ్చే మనసున్నా రేపు చూద్దాంలే అనుకునేవాళ్లకు ఈ రోజే ఇవ్వడానికి ఒక సాకు కావాలి. అంతకుమించి ఈ ఫాంటు గురించి నేను గొప్పలు చెప్పను. అయినా కొందరు దాన్ని నిజంగానే వాడుకున్నారు. ఒక చోట బడి పిల్లల నోటుపుస్తకం అట్ట మీద అంచుగా చూశాను, అండర్‌స్కోర్ అలతో సహా.

ఇప్పుడు మిగిలిన పంచాయితీ ఒకటే. చందాలు ఆగిపోయాయి కాబట్టి ఫాంటును అందరికీ ఉచితంగా వదిలేద్దామని ప్రతిపాదన. మొదట్లోనే ఉచిత ఫాంట్లకు వాడే ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద పెట్టి ఉంటే, ఒకసారి తీసుకున్నవాళ్లు ఎవరికైనా ఊరికే పంచిపెట్టవచ్చు. ఆ లైసెన్స్ ప్రకారం ఫాంటును విడిగా అమ్మడానికీ వీల్లేదు. అందుకే అప్పుడు దాని జోలికి పోలేదు. ఇప్పుడు మార్చాలంటే పడవ గీసిన ప్రతి ఒక్కరూ మళ్లీ ఒప్పుకోవాలి, ఎందుకంటే వాళ్లు సంతకం పెట్టింది చందాల కోసం అమ్మడానికి మాత్రమే. ఉత్తరాలు రాశాం. సగానికి పైగా సరేనన్నారు. ఇద్దరు వద్దన్నారు, వాళ్ల పడవలు తీసేసి ఆ మీటలు ఖాళీగా వదలాలి. మిగతావాళ్ల చిరునామాలు కొన్ని పనిచేయడం లేదు, కొందరు జవాబివ్వలేదు. జవాబు వచ్చినవాటితో మొదటి ఫాంటు ఒక్కటే విడిగా కడుతున్నాను. తర్వాతిసారి కోసం తయారుచేసిన ఫారంలో ‘చందాలు ముగిశాక ఉచితంగా వదలవచ్చా’ అన్న గడి కూడా చేర్చాం.